వేలువిడిచిన మేనత్త

భూతద్దం అని పేరు పెట్టింది వదిన. పాల ప్యాకెట్టు కొన్నా అటూ ఇటూ తిప్పి, తారీఖు చదివి, ఇంటికొచ్చాక మరోసారి వాసన చూసే మనిషిని ఇంకేమంటారు. వెటకారానికి పుట్టిన పేరే, కానీ అతుక్కుపోయింది. అన్నయ్యదీ అదే పిలుపు, వీధిలో వాళ్ళదీ అదే పిలుపు. అసలు పేరు ఎవరైనా పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి ఎవర్నా అని చూస్తుంది.

ఆమె ఆయా. నగరంలో ఉద్యోగాలకు వెళ్ళే తల్లిదండ్రుల పిల్లల్ని పగలంతా చూసుకుంటుంది. కిందటి ఇంట్లో పెంచిన పిల్లవాడు పుస్తకాల సంచి తగిలించుకుని బడికి వెళ్ళిపోయాడు, ఆమె పని అయిపోయింది. పిల్లలు పెరగడం ఆ ఉద్యోగానికున్న రోగం. అప్పట్నుంచి అన్నయ్య ఇంట్లో, కుట్టుమిషనూ పాత సామానూ పెట్టుకునే గదిలో ఒక పరుపు వేసుకుని ఉంటోంది. వదిన చెడ్డది కాదు. కానీ రోజూ పొద్దున టీ గ్లాసు ఇస్తూ "ఇవాళ ఎక్కడికైనా వెళ్తున్నావా?" అని అడుగుతుంది. టీలో ఉన్నంత పంచదార ఆ ప్రశ్నలో ఉండదు.

పనులు చూపించే ఏజెంటమ్మ ఆమెను ఇప్పటికే చాలా ఇళ్ళకు పంపింది. అన్నిచోట్లా ఒకటే కథ. వాళ్ళు ఒక ప్రశ్న అడిగితే ఈమె మూడడుగుతుంది. "పిల్లతోపాటు కాస్త వంట కూడా" అన్న ఇంట్లో, ముందు వంటమనిషి ఎందుకు మానేసిందో చెప్పమంది. "మా ఇంట్లో మనిషిలా ఉండొచ్చు" అన్న ఇంట్లో, మీ ఇంట్లో మనుషులకి సెలవులుంటాయా అంది. ఒకచోట గోడ గడియారం తనవైపే చూస్తున్నట్టు అనిపించి, కుర్చీ ఎక్కి దాన్ని దించి వెనక్కి తిప్పి చూసింది. అది ఉత్త గడియారమే. కెమెరా మాత్రం, పక్కనున్న ఎలుగుబంటి బొమ్మ కడుపులో ఉందట, తర్వాత ఏజెంటమ్మ చెప్పింది.

"చూడమ్మా," అంది ఏజెంటమ్మ చివరికి. "ఈ ఒక్క ఇల్లు చూపిస్తా. ఇదీ చెడగొట్టుకున్నావంటే నీ నంబరు తీసేస్తాను. నీకోసం తలుపులు తట్టి తట్టి నా పరువు పోతోంది."

అది షేరింగు ఇల్లు. నగరంలో ఈమధ్య పుట్టిన పద్ధతి అది. రెండు కుటుంబాలు కలిసి ఒకే ఆయాను పెట్టుకుంటాయి. ఇద్దరు పిల్లలూ ఒక వారం ఈ ఇంట్లో, ఒక వారం ఆ ఇంట్లో. జీతం వాళ్ళకు చెరిసగం, ఆయాకు మాత్రం మామూలుకంటే ఎక్కువ. మూడో అంతస్తులో రెండేళ్ళు దాటిన పాప, రెండో అంతస్తులో ఇంకా నడక రాని బాబు. భూతద్దానికి అంతా బాగానే ఉన్నట్టు తోచింది. అందుకే అనుమానం వచ్చింది.

మూడో అంతస్తు ఇల్లు శుభ్రంగా ఉంది. గుమ్మం లోపల చెప్పుల అర, వంటింటి దగ్గర పాప వెళ్ళకుండా ప్లాస్టిక్ గేటు, సోఫా మూలలకి అంటించిన మెత్తలు. పాప తల్లి బీమా కంపెనీలో పెద్ద ఉద్యోగం చేస్తుంది. మాట్లాడుతూనే ఫోన్ బోర్లా పెట్టడం, మళ్ళీ తిప్పి చూడటం, మళ్ళీ బోర్లా పెట్టడం. ఆ ఇల్లాలు మొదటి ప్రశ్న అడిగేలోపే పాప లోపల్నుంచి వచ్చి, భూతద్దం ఒళ్ళో ఎక్కి కూర్చుంది. ఎవరు నువ్వని చూడనైనా చూడలేదు. పాత కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంది.

"మా పాప అంతే," అంది తల్లి మురిసిపోతూ. "ఎవరి దగ్గరికైనా వెళ్ళిపోతుంది. ఏడవటమే తెలీదు."

ఆ వయసు పిల్లలు కొత్త మొహం కనబడితే అమ్మ మోకాళ్ళ వెనక దాక్కుంటారు, ఒక కన్నుతో చూస్తారు. ఈ పిల్ల అలా లేదు. ఎందుకలా ఉందో తెలీదు గానీ భూతద్దం మనసులో ఒక ముల్లు గుచ్చుకుంది. వదిన టీ గ్లాసు గుర్తొచ్చి, ఈసారికి నోరు మూసుకుంది.

"ఒక చిన్న సంగతి," అంది తల్లి.

అలా మొదలయ్యే సంగతులు ఎప్పుడూ చిన్నవి కావు.

"ఇప్పుడున్న ఆయాకి ఇంకా చెప్పలేదు. పెద్దామె, మోకాళ్ళ నొప్పులు. ఇద్దరు పిల్లలంటే ఆమెవల్ల కాదు. నువ్వు ఈ వారమంతా వచ్చి పాప అలవాట్లు నేర్చుకో. అడిగితే చుట్టపుచూపుగా వచ్చానను. మా ఆయనకి చెల్లెలి వరస. పాపకి వేలువిడిచిన మేనత్తవి."

"ముందే చెప్తే ఏమవుతుందమ్మా?"

"ఆ రోజే మానేసి వెళ్ళిపోతే? లేకపోతే ఇంకోటి. అత్త మీద కోపం దుత్త మీద అంటారు కదా. పాపకి చెప్పుకోవడం రాదు." ఆ మాట అన్నప్పుడు ఆమె కళ్ళలో నిజంగానే భయం ఉంది. "శుక్రవారం మధ్యాహ్నం పాప నిద్రపోయాక నేనే వచ్చి చెప్తాను. లేచేసరికి నువ్వుంటావు. ఏడుపూ ఉండదు, గొడవా ఉండదు."

భూతద్దం సరేనంది. ఇంకో మనిషి కంచం లాక్కుంటున్నానని ఆమెకి తెలుసు. తెలిసే సరేనంది. ఇంటికొచ్చి వదినతో పని దొరికిందని చెప్పింది. ఆ సాయంత్రం టీ అడగకుండానే వచ్చింది.

సోమవారం పొద్దున తలుపు తీసింది పెద్దామే. తలకి మెత్తని పాత గుడ్డ కట్టుకుని ఉంది. చంకలో పాప. భూతద్దాన్ని చూడగానే పాప చేతులు చాపి ఇటు దూకేసింది.

"చుట్టాలా?" అంది పెద్దామె.

"అవునండి. వాళ్ళ నాన్న వైపు. పాపకి నేను వేలువిడిచిన..."

"మేనత్త," అని పూర్తిచేసి పెద్దామె పక్కకి తప్పుకుంది. "రా లోపలికి. ఆ నల్ల చెప్పులు అరలో పెట్టు, పాప నోట్లో పెట్టుకుంటుంది."

ఈమెకెలా తెలుసు? భూతద్దం బుర్ర గిరగిరా తిరిగింది. ఆలోచించగా ఆలోచించగా ఒకటి తోచింది. ఇదంతా పరీక్ష. పెద్దామెకి ముందే అంతా చెప్పారు, నేను అబద్ధమాడుతూ ఎంతదూరం వెళ్తానో చూడమని ఆమెను కాపలా పెట్టారు. అలా అనుకున్నాక అన్నీ దానికి సరిగ్గా కుదిరాయి. పచ్చకామెర్లవాడి సామెత ఊరికే పుట్టలేదు.

ఎందుకంటే పెద్దామె ప్రవర్తనా అలాగే ఉంది. చుట్టపుచూపుగా వచ్చినామెకి ఏ ఆయా అయినా ఏం చెప్తుంది? మంచినీళ్ళిచ్చి కూర్చోమంటుంది. ఈమె అలా కాదు. "ఇటు చూడు అమ్మాయ్, పాలు ఈ కప్పులో పోస్తేనే తాగుతుంది, ఆ కప్పులో పోస్తే కింద పోస్తుంది." "స్నానానికి ముందు నీళ్ళు దాని చేతి మీద పోసి చూపించు, లేకపోతే బిగుసుకుపోతుంది." "అన్నం తినిపించేటప్పుడు మొదటి ముద్ద బొమ్మకి." ఒక్కోటీ చెప్పడం, చేసి చూపించడం, మళ్ళీ ఈమె చేత చేయించడం. భూతద్దం అన్నీ నేర్చుకుంటూనే, నేర్చుకోనట్టు మొహం పెట్టడానికి నానా తంటాలు పడింది. మధ్యమధ్య గోడ గడియారం వైపు చూసి నవ్వేది, ఎందుకైనా మంచిదని. ఈసారి పాప బొమ్మల్లో ఉన్న ఎలుగుబంటికి కూడా ఒక నవ్వు పడేసింది.

పాప పెద్దామెను అత్త అనే పిలుస్తుంది. మధ్యాహ్నానికి భూతద్దాన్ని కూడా అత్త అంది.

"మిమ్మల్నీ అత్తంటుందేంటండి?" అని అడిగింది భూతద్దం.

"ఈ ఇంట్లో ఎవరొచ్చినా అత్తే," అంది పెద్దామె, పాప మూతి తుడుస్తూ.

మర్నాడు రెండో అంతస్తు ఇల్లాలు పైకి వచ్చింది, బాబును చంకన వేసుకుని. ఆమె పళ్ళ డాక్టరు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే కళ్ళలోకి చూడదు, నోట్లోకి చూస్తుంది. భూతద్దం పళ్ళన్నీ ఒకసారి చూసి, తృప్తిపడినట్టుంది, వెంటనే బాబును కూడా ఆమె చేతుల్లో పెట్టింది.

"ఇద్దర్నీ కలిపి ఎత్తగలవేమో చూద్దాం. మెట్లు ఎక్కి దిగాలి కదా రోజూ. అంటే... ఉన్నన్నాళ్ళు. చుట్టం కదా."

పెద్దామె పక్కనే నిలబడి బట్టలు మడతపెడుతోంది. తలెత్తలేదు. ఒక్కో చంకన ఒకర్ని పెట్టుకుని, బజారులో బరువు చూస్తున్న బస్తాలా నిలబడ్డ భూతద్దానికి ఒళ్ళంతా సిగ్గేసింది. అదే సమయంలో చేతులు మాత్రం బలంగా ఉన్నాయని చూపించాలనే అనిపించింది. రెండూ ఒకేసారి అనిపించాయి, ఏం చేస్తుంది.

బుధవారం అసలు సంగతి ఆమె కంట పడింది. పాప బట్టల బీరువా తెరిచి, పెద్దామె లోపల్నుంచి ఏదో తీసి, చుట్టూ చూసి, తన సంచిలో కుక్కింది. ఆ, దొరికింది అనుకుంది భూతద్దం. దొంగతనం. ఇంతమందిని అనుమానించినందుకు ఒక్కటైనా నిజమైంది. గుండెలో ఏదో బరువు దిగిపోయింది కూడా. పెద్దామె దొంగైతే, ఆ చోటులోకి తను రావడం పాపం కాదు. వెంటనే తల్లికి ఫోన్ చేయాలనుకుంది. కానీ కళ్ళారా చూడకుండా చెప్పే రకం కాదు కదా. పెద్దామె పాపకు స్నానం చేయించడానికి వెళ్ళగానే, తలుపు వెనక కొక్కేనికున్న సంచి దింపి విప్పింది.

లోపల టిఫిన్ డబ్బా, మందుల పొట్లం, రెండు పాత గుడ్డలు. ఒకటి పెద్దామె తలకి కట్టుకునే రకం. ఇంకోటి నీలం రంగుది, వెలిసిపోయి, అంచులు ఊడిపోయి, చిన్న చేతులు పట్టుకు లాగిన చోట జాలీలా అయిపోయి ఉంది. ఎవరూ దొంగిలించని వస్తువు ఏదైనా ఉందంటే అదే.

"గిన్నెలు కడగడానికి వెళ్ళావనుకున్నా," అంది పెద్దామె.

స్నానాల గది గుమ్మంలో నిలబడి ఉంది, తువ్వాల్లో చుట్టిన పాపను ఎత్తుకుని. భూతద్దం చేతిలో సంచి అలాగే ఉంది. దొంగను పట్టడానికి వచ్చి తనే దొంగలా దొరికిపోయింది.

పెద్దామెకి కోపం రాలేదు. మంచం మీద కూర్చుని పాప తల తుడవడం మొదలుపెట్టింది.

"ఆ నీలంది నాకంటే ముందున్నామెది. పాప నిద్రపోయేటప్పుడు చేతిలో గుడ్డ ఉండాలి, అందులో మనిషి వాసన ఉండాలి. నేనొచ్చిన వారంలో ఆమె తన గుడ్డ ఇచ్చింది. అది పట్టుకునే నిద్రపోయేది. మెల్లగా నాది దాని పక్కన పెట్టాను. తర్వాత నాది ఒక్కటే. ఇప్పుడు ఉతుకుదామని రెండూ ఇంటికి పట్టుకెళ్తున్నా. నీలందాంట్లో ఇంక ఎవరి వాసనా లేదు, పడేయడానికి చెయ్యి రాలేదంతే." పాప చెవుల వెనక తుడిచింది. "నువ్వు కూడా కట్టుకున్న గుడ్డ ఒకటి తెచ్చిపెట్టు అమ్మాయ్. శుక్రవారానికి అలవాటవ్వాలి."

భూతద్దం నేల మీద కూర్చుండిపోయింది.

"మీకు తెలుసా?"

"ఎందుకు తెలీదు. నేనూ ఈ ఇంటికి చుట్టంగానే వచ్చా. వేలువిడిచిన మేనత్తనే. నా ముందామె కూడా అంతేనట. కనీసం వరసైనా మార్చలేదు చూడు." పెద్దామె నవ్వింది, కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలబడలేదు. "నీలం గుడ్డామె వెళ్ళిన రోజు నేను లోపల గదిలో కూర్చున్నా. పాప పడుకునుంది. తలుపు చప్పుడైంది. లేచాక పాప ఇల్లంతా ఒకసారి తిరిగి చూసింది. వంటింట్లో, బాత్రూంలో, తలుపు వెనక. తర్వాత వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. ఏడవలేదు."

పాప తువ్వాల్లోంచి చెయ్యి బయటికి తీసి, కొత్త అత్త ముక్కు పట్టుకుని లాగింది. ఎవరి దగ్గరికైనా వెళ్ళిపోతుంది, ఏడవటమే తెలీదు. గుచ్చుకున్న ముల్లు ఏమిటో భూతద్దానికి అప్పుడు తెలిసింది. ప్యాకెట్టు మీద తారీఖులు చదివే మనిషి, అందర్నీ అనుమానించిన మనిషి, ఇది మాత్రం అనుమానించలేదు. తనకి తన మీదే చిరాకేసింది.

"మరి మీరు ఏమీ అనరా? అడగరా?"

"అడిగితే ఇంకో ఇంటికి మంచి మాట చెప్తారా నా గురించి? నాకూ ఇల్లుంది గదమ్మా." పాపకి గౌను తొడిగింది. "నువ్వేం బాధపడకు. నువ్వు కాకపోతే ఇంకో మేనత్త."

శుక్రవారం వచ్చింది. పాప మధ్యాహ్నం నిద్రపోయింది, ఒక పిడికిట్లో పెద్దామె గుడ్డ, ఒక పిడికిట్లో భూతద్దం గుడ్డ. భూతద్దం మంచం పక్కన నేల మీద కూర్చుంది. వంటింట్లో తల్లి గొంతు మెల్లగా వినిపిస్తోంది. మోకాళ్ళు, ఇద్దరు పిల్లలు, మీరంటే మాకెంతో అభిమానం, ఇలాంటి మాటలు. పెద్దామె గొంతు ఒక్కసారే వినిపించింది.

"సరేనమ్మా."

పాలు అయిపోయాయని చెప్తే అన్నట్టు అంది.

కదలకుండా కూర్చుంటే చాలు. ఉద్యోగం తనదే. సోమవారం నుంచి ఇద్దరు పిల్లలు, మంచి జీతం, కుట్టుమిషను గది ఖాళీ. వదిన ఇచ్చే టీ గ్లాసుకు బదులుగా ఆమె చేతిలో మిఠాయి డబ్బా పెట్టొచ్చు. కదిలితే ఏజెంటమ్మ నంబరు తీసేస్తుంది, ఇంక ఏ తలుపూ ఉండదు. భూతద్దానికి ఇదంతా స్పష్టంగా తెలుసు. చెప్పుల అర దగ్గర పెద్దామె చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడైంది. ఒక రోజు నేనూ అక్కడ వెతుక్కుంటాను, లోపల ఇంకొకామె కూర్చుని ఉంటుంది, ఈ పిల్ల లేచి ఇల్లంతా తిరిగి చూసి వెళ్ళి ఆమె ఒళ్ళో కూర్చుంటుంది అనుకుంది. అంతే, ఆమెకి ఒళ్ళు మండిపోయింది. తన మీదో, తల్లి మీదో, ఆ అబద్ధపు వరస మీదో తెలీదు. పాపను లేపి ఎత్తుకుని ముందుగదిలోకి వచ్చింది.

"పాపా, అత్త వెళ్తోంది. చూడు."

తల్లి మొహం పాలిపోయింది. పెద్దామె ఒక చెప్పు తొడుక్కుని, ఒక చెప్పు చేత్తో పట్టుకుని నిలబడిపోయింది.

పాప కళ్ళు నులుముకుంది. చెప్పులు వేసుకుంటున్న పెద్దామెను చూసింది. చంకలోంచి జారి దిగి, అర దగ్గరికి వెళ్ళి, తన బుల్లి బూట్లు రెండూ తెచ్చుకుని, గుమ్మంలో కూర్చుని కాలు చాపింది. రోజూ సాయంత్రం పార్కుకి వెళ్ళేటప్పుడు చేసే పనే. పెద్దామె చేతులకి కూడా అదే అలవాటు. నొప్పి మోకాళ్ళ మీద కూర్చుని ఒక బూటు తొడిగింది. రెండోది చేతిలోకి తీసుకున్నాక ఆగిపోయింది.

"నువ్వు రావట్లేదమ్మా. అత్త ఒక్కతే వెళ్తోంది. ఇంక రాదు."

లేచింది. బూటు పాప చేతికిచ్చి, సంచి భుజాన వేసుకుంది. తలుపు తీసి, బయటికి వెళ్ళి, మెల్లగా దగ్గరకు వేసింది.

పాప తలుపును చూసింది. చేతిలో మిగిలిన బూటును చూసింది. భూతద్దం చేతులు చాపింది, అలవాటు ప్రకారం వచ్చేస్తుందని. రాలేదు. ఆ చేతుల్ని తోసేసి, తలుపును రెండు చేతులతో కొట్టి, ఏడ్చింది. మామూలు ఏడుపు కాదు. ఎన్నాళ్ళుగానో లోపల దాచుకున్నదంతా ఒక్కసారిగా తోడి పోసినట్టు ఏడ్చింది.

"ఎందుకు లేపావు? నేను చెప్పాను కదా," అంది తల్లి.

"చెప్పారమ్మా."

"పాపను కావాలని ఏడిపిస్తావా? సోమవారం నువ్వూ రావద్దు."

"సరేనమ్మా," అంది భూతద్దం. అది కూడా పెద్దామె దగ్గరే నేర్చుకున్నట్టుంది.

తల్లి పాపను ఎత్తుకుంది. పాప విల్లులా వెనక్కి వంగి, బూటున్న కాలితో తన్నింది. తల్లికి ఏం చేయాలో తెలీలేదు. తన పిల్ల ఇలా ఏడవటం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఫోన్ మోగుతుంటే మొదటిసారి తిప్పి చూడలేదు.

"ఇప్పుడేం చేయాలి?" అంది, ఇందాకటి కోపం లేకుండా.

"నాకూ తెలీదమ్మా. దించకండి." లోపలికి వెళ్ళి మంచం మీదున్న రెండు గుడ్డల్లో తనది తీసేసుకుని, పెద్దామెది తెచ్చి పాప చేతికిచ్చింది. తర్వాత అరలోంచి తన నల్ల చెప్పులు తీసుకుంది.

కింది మలుపులో, మెట్టు మీద పెద్దామె కూర్చుని ఉంది, సంచి ఒళ్ళో పెట్టుకుని.

"మోకాళ్ళు పట్టేశాయా అక్కా?"

"లేదు." తలెత్తి పైకి చూసింది. "వినిపిస్తోంది."

తలుపు మూసి ఉన్నా ఏడుపు మెట్ల మీదుగా దిగి వస్తోంది. దాని కింద తల్లి గొంతు కూడా, సర్దిచెప్పడం రాక, పాప పేరే మళ్ళీ మళ్ళీ పిలుస్తోంది.

"నీ ఉద్యోగం?"

"పోయింది."

"పిచ్చిదానా." ఆమె కూడా అనుమానంగా, భూతద్దంకంటే అనుమానంగా చూసింది. "ఆ ఏడుపు నాకోసమేనా? నువ్వు గిల్లలేదు కదా?"

"నీకోసమే అక్కా. ఒట్టు."

పెద్దామె ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకున్నట్టుంది. మెల్లగా మొహమంతా తడిసిపోయింది, తుడుచుకోలేదు. సంచి పక్కకి జరిపి చోటిచ్చింది. భూతద్దం కూర్చుంది. చేతిలో ఫోన్ మోగింది, ఏజెంటమ్మ. మోగనిచ్చింది.

"ఏడుపు ఆగాక వెళ్దాం," అంది పెద్దామె.

ఇద్దరూ అక్కడే కూర్చుని విన్నారు.